గర్భిణి రక్తపరీక్షలో ప్లేట్‌లెట్ల సంఖ్యను ఎలా చూడాలి?

సీబీపీ (రక్తకణాల లెక్కింపు పరీక్ష) రిపోర్టు చేతికి రాగానే ముందుగా ప్లేట్‌లెట్ల, అంటే రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కణాల, వరుసలో ప్రమాణాన్ని (యూనిట్‌ను) చూడండి. ఒక ల్యాబు 1.2 లక్షలని ముద్రిస్తే, మరొకటి అదే సంఖ్యను వేలల్లో 120 అని వేస్తుంది. మామూలుగా మైక్రోలీటరుకు 1.5 నుంచి 4.5 లక్షల వరకు ఉండే ఈ కణాలు గర్భిణుల్లో కొంత తగ్గుతాయి, ఎందుకంటే రక్తంలోని ద్రవభాగం పెరిగి అవి పలుచబడతాయి, వాటి వినియోగమూ ఎక్కువవుతుంది.

నెలలు నిండేకొద్దీ సంఖ్య లక్షకు పైనే ఉంటూ మెల్లగా దిగుతుంటే, బీపీ మామూలుగా ఉంటే, అది చాలావరకు ప్రసవం తర్వాత కొన్ని వారాల్లో సర్దుకునే మార్పే. పాత రిపోర్టులన్నీ తేదీలవారీగా ఒకే ఫైలులో పెట్టుకోండి. ఒక్క అంకె కన్నా దిగిన తీరే డాక్టరుకు ఎక్కువ చెబుతుంది. అంకె ఉన్నట్టుండి పడిపోతే, రక్తం తీసిన ఊదారంగు మూత గొట్టంలో కణాలు గుంపు కట్టడం వల్ల యంత్రం తక్కువగా లెక్కించిందేమో స్మియర్‌తో (గాజుపలకపై రక్తాన్ని పూసి మైక్రోస్కోపులో చూసే పరీక్షతో) సరిచూడమని అడగవచ్చు.

మొదటి మూడు నెలల్లోనే లక్ష కన్నా తగ్గితే ఇమ్యూన్ సమస్య (శరీర రక్షణ వ్యవస్థే ప్లేట్‌లెట్లను నాశనం చేయడం) ఉందేమో చూడాలి. ఇరవై వారాల తర్వాత బీపీ 140/90 దాటినా, తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి ఉన్నా, అంకె ఎంతున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. చిగుళ్ల రక్తస్రావానికీ, జ్వరానికీ (వానాకాలంలో డెంగీ సంగతి మరవకూడదు) ఇదే వర్తిస్తుంది.

బొప్పాయి ఆకు రసం, నొప్పి మాత్రలు సొంతంగా వాడకండి. డాక్టరు రాసిన ఆస్పిరిన్‌ను సొంతంగా ఆపకండి. వెన్నులో మత్తు ఇవ్వడానికి సాధారణంగా 70 వేలు దాటి ఉండాలని చూస్తారు కనుక, ప్రసవానికి ముందే మత్తు డాక్టరుకు ఫైలు చూపించండి.