చెరువు దగ్గర ముందు లెక్క, తర్వాతే చీపురు

హైదరాబాద్‌లో కాలేజీ, మ్యూజియం కలిసి ఏదైనా చెరువు పని పెట్టుకుంటే సాధారణంగా క్లీనింగ్ డ్రైవ్‌తోనే మొదలుపెడతారు. వేసవిలో నష్టం అక్కడే జరుగుతుంది. తీతువు పిట్ట మార్చి నుంచి ఎండిన చెరువు అంచున, గులకరాళ్ల మధ్య నేలమీదే నాలుగు గుడ్లు పెడుతుంది. కాలికింద పడేదాకా అవి కనపడవు. జేసీబీ ఒక్కసారి తిరిగితే ఒక్కటీ మిగలదు.

అందుకని మొదటి ఏడాది పక్షుల లెక్కే పని. వలస పక్షులు దిగే అక్టోబరులో మొదలుపెట్టండి. కాలేజీ నుంచి నడిచి వెళ్లగలిగే ఒక్క చెరువు చాలు. కట్ట, అలుగు, మురుగు కలిసే చోటు కలుపుకుని ఐదు పాయింట్లు పెట్టుకోండి. పదిహేను రోజులకోసారి పొద్దున ఆరున్నరకు వెళ్లి, ఒక్కో పాయింటులో పది నిమిషాలు నిలబడండి. పాయింట్లు మాత్రం మార్చొద్దు, మారిస్తే నిరుటి లెక్కతో పోల్చలేరు. జట్టుకు నలుగురు: ఇద్దరు చూడాలి, ఒకరు రాయాలి, నాలుగో మనిషి చేపలు పట్టే సంఘం నుంచి రావాలి. ఏ పిట్ట ఎక్కడ గూడు పెడుతుందో రోజూ చూసేది వాళ్లే.

ఇలాంటి పనులు మే నెలలో ఆగిపోతుంటాయి. ఫైనలియర్ వాళ్లు వెళ్లిపోతే లెక్కలూ వాళ్ల ఫోన్లతోనే పోతాయి. జట్టులో ఫస్టియర్ వాళ్లు తప్పకుండా ఉండాలి. ఏ రోజు లెక్క ఆ రోజే పక్షుల లెక్కలు నమోదుచేసే వెబ్‌సైట్ ఈబర్డ్‌లో ఎక్కించి, కాగితం మ్యూజియంలో దాచాలి. ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) వాళ్లకు ఏడాదికి 120 గంటల సేవ ఉంటుంది కదా, ప్రోగ్రామ్ ఆఫీసరుతో మాట్లాడి ఈ గంటలు అందులో రాయించండి.

మ్యూజియం బిర్లా సైన్స్ మ్యూజియమంత పెద్దదే కానక్కర్లేదు, కాలేజీ జువాలజీ మ్యూజియమైనా సరే. దాని ముఖ్యమైన పని బస్తీలోకి తీసుకెళ్లే ఒక ట్రే తయారుచేయడం. రెండడుగుల ట్రేలో చెరువు గులక పోసి, నాలుగు సెంటీమీటర్ల పొడవుండే ప్లాస్టర్ గుడ్లు నాలుగు, సన్నటి కొనలు లోపలికి ఉండేలా పేర్చండి. బూడిద కలిసిన గోధుమరంగు వేసి నల్లమచ్చలు పెట్టాలి. గుడ్లు ఎక్కడున్నాయో వెతకమనండి. తీతువు అరిస్తే కీడని రాళ్లు వేసేవాళ్లు కూడా ఈ ట్రే దగ్గర ఆగుతారు. పేర్లు తెలుగులో, ఉర్దూలో రాయండి. అసలు గుడ్లూ గూళ్లూ మాత్రం ఏరి తేవద్దు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద కేసవుతుంది.

ఫిబ్రవరిలో చేపలు పట్టే సంఘాన్నీ, కాలనీ వాళ్లనూ, జీహెచ్ఎంసీ సిబ్బందినీ కూర్చోబెట్టి, లెక్క ముందు పెట్టుకుని శుభ్రం చేసే తేదీలు తేల్చండి. గుర్రపుడెక్క తీయాల్సిందే. తీసింది గట్టున వదిలేస్తే వానకు నీళ్లలోకి జారి ముక్కల నుంచే మళ్లీ పెరుగుతుంది, కాబట్టి అదే రోజు లారీకెత్తాలి. జమ్ము మాత్రం మూడోవంతైనా వదలండి, నీలి బొల్లికోడి అనే నీటిపక్షి గూడు అందులోనే.

గుడ్లున్న చోటుకు ముప్ఫై అడుగుల దూరంలో తాడు కట్టండి. పిట్ట మీ తలమీద తిరుగుతూ అరుస్తుంటే వచ్చిన దారినే వెనక్కి రావాలి. అది ఎండలో ఎక్కువసేపు గుడ్లకు దూరంగా ఉంటే లోపలి పిల్ల వేడికి చచ్చిపోతుంది.