నడివయసు రన్నర్ వీఓటూ మ్యాక్స్ పరీక్ష చేయించుకునే విధానం

హైదరాబాదులో ఆగస్టు మారథాన్‌కు పేరు నమోదు చేసుకున్న ఏడాది, అప్పటికి నా వయసు 51, ట్రెడ్‌మిల్ పరీక్ష కావాలని ఒక ఆసుపత్రికి ఫోన్ చేస్తే టీఎంటీకి, అంటే గుండె కోసం చేసే ట్రెడ్‌మిల్ టెస్టుకు, సమయం ఇచ్చారు. పరీక్ష ముగిసి రిపోర్టు చేతికి వచ్చేదాకా అది నాకు కావలసిన పరీక్ష కాదని తెలియలేదు. నాకు కావలసింది వీఓటూ మ్యాక్స్ పరీక్ష, అంటే గట్టి శ్రమలో శరీరం నిమిషానికి గరిష్ఠంగా ఎంత ఆక్సిజన్ వాడుకోగలదో కొలిచేది. అందువల్ల ఆ పరీక్ష చేయించుకోదలచిన తోటి రన్నర్లకు నేను చెప్పవలసిన మొదటి మాట దాని పేరు గురించే.

టీఎంటీలో ఛాతీకి ఎలక్ట్రోడ్లు అంటించి, నడిపిస్తూ ఈసీజీని, రక్తపోటును గమనిస్తారు. శ్రమ పెరిగినప్పుడు గుండె కండరానికి రక్తం చాలినంత అందుతోందా అన్నదే అక్కడి ప్రశ్న. అందులో శ్వాసను కొలవరు కాబట్టి, రిపోర్టులో కనిపించే మెట్స్ అంకె (విశ్రాంతిలో కంటే ఎన్ని రెట్లు ఆక్సిజన్ వాడామో చెప్పేది) ట్రెడ్‌మిల్ వేగాన్ని, వాలును బట్టి కట్టిన అంచనా మాత్రమే. శరీరం నిజంగా ఎంత ఆక్సిజన్ వాడుకుంటోందో తెలియాలంటే వీఓటూ మ్యాక్స్ పరీక్ష అని గానీ, ఆసుపత్రులలో వాడే పేరుతో సీపీఈటీ (కార్డియోపల్మనరీ ఎక్సర్‌సైజ్ టెస్ట్) అని గానీ అడగాలి. ఫోన్‌లోనే రెండు ప్రశ్నలు వేయండి: మాస్క్ పెట్టి శ్వాసలోని వాయువులను కొలుస్తారా, రెండు థ్రెషోల్డుల (తేలిక పరుగు దాటి శ్వాస బరువెక్కడం మొదలయ్యే హద్దు ఒకటి, ఆపైన ఎక్కువసేపు సాగలేని హద్దు రెండవది) వద్ద గుండె వేగమూ పరుగు వేగమూ రిపోర్టులో ఇస్తారా? రెండవదానికి స్పష్టమైన జవాబు రాకపోతే మరో ల్యాబును వెతుక్కోవడం మంచిది.

అలాగని టీఎంటీ వృథా అని నా అభిప్రాయం కాదు. మధుమేహం, రక్తపోటు ఉన్నవారు, ఇంట్లో చిన్న వయసులోనే గుండెపోటు వచ్చినవారు ఉన్నవారు, పరుగులో ఎప్పుడైనా ఛాతీ పట్టేసినట్లో కళ్లు తిరిగినట్లో అనిపించినవారు ముందుగా గుండె వైద్యుణ్ణి కలిసి, ఆయన సరేనన్నాకే ల్యాబుకు వెళ్లాలి. జ్వరం వచ్చి తగ్గిన వారంలో ఈ పరీక్ష వద్దు. రక్తపోటుకు బీటా బ్లాకర్ మాత్రలు వాడుతున్నవారికి గుండె వేగం పైకి పోదు కనుక ఆ సంగతి ల్యాబువారికి తప్పక చెప్పాలి. పరీక్ష కోసమని మాత్రను మీకు మీరుగా మానేయకూడదు.

ముందు రెండు రోజులూ గట్టి పరుగులు పెట్టుకోవద్దు. పరీక్ష రోజున రెండు మూడు గంటల ముందు రెండు ఇడ్లీల వంటి తేలికపాటి ఆహారం చాలు. కాఫీ, టీలు పరీక్ష అయ్యాక తాగవచ్చు. ఛాతీకి కొబ్బరినూనె, లోషన్ రాసుకుని వెళ్తే ఎలక్ట్రోడ్లు అంటుకోవు, అంటుకున్నా చెమటకు ఊడిపోతాయి. మగవారికి ఛాతీ మీద అక్కడక్కడ వెంట్రుకలు తీయవలసి రావచ్చు. ఆడవారు స్పోర్ట్స్ బ్రాతో పాటు ముందు గుండీలున్న చొక్కా తీసుకెళ్లి, మహిళా టెక్నీషియన్ ఉంటారా అని ముందే కనుక్కోవాలి. బూట్లు మాత్రం రోజూ పరుగెత్తేవే వేసుకోండి.

ల్యాబుకు పదిహేను నిమిషాలు ముందుగా చేరితే యంత్రాన్ని సరిచూసే పని కళ్లారా చూడవచ్చు. టెక్నీషియన్ మూడు లీటర్ల పెద్ద సిరంజితో గాలిని లోపలికి, బయటికి తోస్తూ, యంత్రం కూడా మూడు లీటర్లనే చూపుతోందో లేదో చూస్తారు. ఆ తరువాత శాతాలు ముందే తెలిసిన వాయువును సిలిండర్ నుంచి పంపి సరిపోల్చుకుంటారు. బయటి గాలిలో ఆక్సిజన్ 20.93 శాతం, మనం వదిలే గాలిలో అంతకంటే తక్కువ. ఆ కొద్దిపాటి తేడా మీదే లెక్క అంతా నడుస్తుంది కాబట్టి ఈ పనిలో అశ్రద్ధ జరిగితే మీరు ఎంత పరుగెత్తినా ఆ అంకెకు విలువ ఉండదు. మాస్క్ పెట్టాక దాని ముందు రంధ్రాన్ని అరచేతితో మూసి, గట్టిగా ఊదమంటారు. నాకు ముక్కు దూలం పక్క నుంచి సన్నగా గాలి జారి కంటికి తగిలింది, చెప్పగానే ఒక సైజు చిన్న మాస్క్ మార్చారు. మొహమాటపడి ఊరుకుంటే ఆ కారిన గాలి లెక్కలోకి రాదు.

ఏ పద్ధతిలో పరుగెత్తిస్తారో కూడా అడగండి. ఆసుపత్రులలో ఎక్కువగా వాడే బ్రూస్ పద్ధతి, 1963లో అమెరికా వైద్యుడు రాబర్ట్ బ్రూస్ ప్రచురించినది, గంటకు 2.7 కిలోమీటర్ల వేగంతో 10 శాతం ఎత్తు మీద మొదలై ప్రతి మూడు నిమిషాలకు వేగమూ ఎత్తూ పెరుగుతుంది. గుండె పరీక్షకు అది చక్కని పద్ధతే గానీ, చదునైన రోడ్డు మీద పరుగెత్తేవారికి అందులో దమ్ము కంటే ముందు పిక్కలు అలసిపోతాయి. వాలును 1 శాతం దగ్గర నిలిపి, వేగాన్ని మాత్రమే మెట్లుమెట్లుగా పెంచమని కోరండి. రక్తంలో లాక్టేట్ (శ్రమ పెరిగేకొద్దీ కండరాల నుంచి రక్తంలో చేరే పదార్థం) కూడా చూసేటట్లయితే ఒక్కో మెట్టు మూడు నిమిషాలకు తగ్గకూడదు. అందుకు రక్తపు చుక్కను చెవితమ్మె నుంచి తీసే ముందు చెమటను బాగా తుడవాలి. చెమటలోనూ లాక్టేట్ ఉంటుంది కనుక అది కలిస్తే అంకె ఎక్కువగా వస్తుంది.

మాస్క్ ఉన్నాక మాట్లాడలేరు. కాబట్టి బెల్టు కదలక ముందే సైగలు కుదుర్చుకోవాలి: బొటనవేలు పైకి అంటే సాగుతాను, అరచేయి చాపితే ఆపండి. గోడ మీద 6 నుంచి 20 వరకు అంకెలున్న బోర్గ్ పట్టిక ఉంటుంది, ఎంత కష్టంగా ఉందో వేలితో చూపితే చాలు. కడ్డీని పట్టుకోవద్దు, పట్టుకుంటే కాళ్ల మీది భారం తగ్గి ఫలితం తప్పుతుంది. చివరి రెండు నిమిషాలు కఠినమైనవి. ఆయాసంతో ఆగిపోవాలనిపించినా మరో అరనిమిషం సాగగలరేమో ప్రయత్నించండి. అయితే ఛాతీలో నొప్పి, కళ్లు చీకట్లు కమ్మడం, అడుగు తడబడటం వస్తే ఆ క్షణమే చేయి చాపాలి. ఆగాక బెల్టు దిగి కూర్చోకండి. రక్తం కాళ్లలో నిలిచిపోయి రక్తపోటు పడిపోతుంది కనుక నాలుగైదు నిమిషాలు మెల్లగా నడవాలి.

రిపోర్టులో అందరూ ముందు చూసేది వీఓటూ మ్యాక్స్. నాది కిలో బరువుకు నిమిషానికి 44 మిల్లీలీటర్లు. వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకున్న ఆక్సిజన్‌తో భాగిస్తే వచ్చే ఆర్ఈఆర్ అంకె 1.10 దాటిందో లేదో చూడండి. దాటకపోతే మీరు చివరిదాకా వెళ్లలేదని అర్థం. నా దృష్టిలో అసలు సరుకు థ్రెషోల్డుల దగ్గరే ఉంది. నా మొదటి థ్రెషోల్డు గుండె వేగం 138 వద్ద, గంటకు 8 కిలోమీటర్ల వేగంలో వచ్చింది, అంటే కిలోమీటరుకు ఏడున్నర నిమిషాలు. నేనేమో కేబీఆర్ పార్కు చుట్టూ తోటివారితో కలిసి ఆరున్నర నిమిషాల చొప్పున పరుగెత్తి, దాన్ని తేలిక పరుగు అనుకుంటూ వచ్చాను. రెండవ థ్రెషోల్డు 163 వద్ద, గరిష్ఠం 178 వద్ద వచ్చాయి. 220 లోంచి వయసు తీసేసే లెక్క ప్రకారం నా గరిష్ఠం 169 కావాలి. ఆ సూత్రం మనిషి మనిషికీ నిమిషానికి పది పన్నెండు స్పందనలు అటూ ఇటూ కావడం మామూలే.

ఆ మూడు అంకెలను వాచ్‌లో నమోదు చేసుకుని, వారంలోని ఎక్కువ పరుగులను మొదటి థ్రెషోల్డుకు కింద, ఒకటి రెండింటిని రెండవదానికి దగ్గరగా పెట్టుకోండి. ఆరు నెలల తరువాత మళ్లీ చేయించుకునేటప్పుడు అదే ల్యాబు, అదే పద్ధతి, అదే వేళ ఉండేలా చూసుకుని, ఆ రోజు బరువును కూడా రాయించుకోండి. అంకెను బరువుతో భాగిస్తారు కాబట్టి, మూడు కిలోలు తగ్గితే గుండె ఏమీ మారకపోయినా వీఓటూ మ్యాక్స్ పెరిగినట్లు కనిపిస్తుంది. ఈసీజీ కాగితాలను రిపోర్టుతో పాటే అడిగి తీసుకుని, ఒక ప్రతిని మీ వైద్యుడి దగ్గర ఉంచండి.