ఎనిమా, సపోజిటరీ పెడుతున్నా బ్లడ్ ఆగట్లేదా? ముందు ఇవి చూడండి

అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగులో వాపు, పుండ్లు) ఫ్లేర్‌కి, అంటే జబ్బు మళ్లీ ఎగదన్నినప్పుడు, మెసలజీన్ (ఆ వాపు తగ్గించే మందు) ఎనిమా (మలద్వారం నుంచి లోపలికి ఎక్కించే ద్రవం) రాశారు, రోజూ పెడుతున్నాం, ఏం తేడా లేదు, ఇక స్టెరాయిడే గతా అని అడిగేవాళ్లని నేను ముందు అడిగేది ఒకటే, సీసా బాగా ఊపి పెడుతున్నారా? చాలామంది "ఊపాలా?" అని నన్నే తిరిగి అడుగుతారు. బాబూ, అది సస్పెన్షన్, మందంతా అడుగున పేరుకుపోయి ఉంటుంది, ఊపకుండా పెడితే లోపలికి వెళ్లేది పైన తేలిన నీళ్లు, మందు సీసాతో పాటు డస్ట్‌బిన్‌లోకి పోతుంది. వాడేశాక సీసా అడుగు నొక్కి చూడండి, గుజ్జులా చేతికి తగిలితే డాక్టర్‌కి ఫోన్ చేసే ముందు ఓ వారం సరిగ్గా ఊపి పెట్టండి.

ఎడమ పక్కకి తిరిగి పడుకోవడం, రాత్రి పడుకునే ముందు పెట్టుకోవడం, ఇవన్నీ మీకు తెలిసినవే, వాటి జోలికి పోను.

పెట్టిన ఐదు నిమిషాలకే బయటికి వచ్చేస్తోంది

ఏసీ రూమ్‌లో చల్లబడిన సీసాని అలాగే పెడితే పేగు ఊరుకోదు, వెంటనే తోసేస్తుంది. సీసాని కాసేపు గోరువెచ్చని నీళ్ల మగ్గులో ఉంచండి (వేడినీళ్లు కాదు), ముందు బాత్రూమ్‌కి వెళ్లి రండి, నొక్కేటప్పుడు తొందర వద్దు. ఇవన్నీ చేసినా నిలవట్లేదంటే రెక్టమ్ (పెద్దపేగు చివరి భాగం) బాగా వాచి ఉండి 60 ఎంఎల్ కూడా పట్టుకోలేకపోతోందన్నమాట, అప్పుడు కొన్నాళ్లు సపోజిటరీ (మలద్వారంలో పెట్టే మాత్ర) గానీ ఫోమ్ (నురగలా ఉండే మందు) గానీ వాడి, వాపు తగ్గాక ఎనిమాకి రావచ్చా అని డాక్టర్ని అడగండి. బయటికి వచ్చేసింది కదా అని అదే రాత్రి మీ అంతట మీరు ఇంకోటి పెట్టేయకండి.

ఇంకోటి, పాత టవల్ వేసుకుని పడుకోండి, ఈ మందు మరక గోధుమరంగులో పడితే దుప్పటైనా బాత్రూమ్ బండైనా వదలదు.

మందు లోపలే ఉంటోంది, అయినా బ్లడ్ పడుతోంది

కొలనోస్కోపీ రిపోర్ట్ తియ్యండి. E1, E2, E3 అని ఏదో ఒకటి రాసి ఉంటుంది, లేకపోతే వరసగా వాటికే ప్రాక్టైటిస్ (రెక్టమ్ వరకే), లెఫ్ట్ సైడెడ్ (ఎడమవైపు పేగు దాకా), పాన్‌కొలైటిస్ (అంతకంటే పైకి) అని ఉంటుంది. సపోజిటరీ రెక్టమ్ వరకే, ఫోమ్ సిగ్మాయిడ్ (రెక్టమ్‌కి పైనున్న పేగు వంపు) దాకా, ఎనిమా ఎడమ పక్కటెముకల కింద పేగు మలుపు తిరిగే చోటు దాకా వెళ్తుంది. మీది E2 అయ్యుండి సపోజిటరీ ఒక్కటే పెడుతుంటే పైన ఉన్న పుండుకి మందు ఎలా అందుతుంది? ఎనిమా మొదలైంది కదా అని నోటి మాత్రలు ఆపేసేవాళ్లూ ఉన్నారు, రెండూ కలిపి వాడితేనే బాగా పనిచేస్తాయి. బ్లడ్ ఆగిన మూడో రోజుకే మానేసేవాళ్ల గురించి చెప్పేదేముంది, లోపల మానడానికి వారాలు పడుతుంది.

రోజుకి పదిసార్లు వెళ్తున్నా, ఎంత డోస్ పెంచినా తగ్గట్లేదు

నన్ను బాగా ఏడిపించింది ఇదే, అందుకే కాస్త వివరంగా చెప్తా. మా దగ్గరి బంధువు ఒకాయనకి ఎనిమా పెట్టారు, మాత్రల డోస్ పెంచారు, స్టెరాయిడ్ దాకా వచ్చారు, అయినా పొద్దున లేచింది మొదలు బాత్రూమ్‌కి పరుగే. విరేచనాలు అంటున్నాడు కదా అని ఇంట్లో ఆకుకూరలు, పళ్లు మాన్పించి పెరుగన్నం మీద పెట్టారు, ఆయనేమో ఎవరో చెప్పారని లోపెరమైడ్ (విరేచనాలు ఆపే మాత్ర) కూడా మింగాడు. నేను అడిగిందల్లా, వెళ్లిన ప్రతిసారీ అసలేం వస్తోంది అని. ఓ చెంచాడు రక్తం, జిగురు, గ్యాస్, అంతే. మలం ఏదీ? రెండ్రోజులకోసారి మేక పెంటికల్లా నాలుగు గట్టి ఉండలు, అవి కూడా ముక్కితే. పొట్ట కుడివైపు బరువు, సాయంత్రానికి ఉబ్బరం. ఎనిమా పెడితే అలాగే వెనక్కి వచ్చేస్తోంది.

అది విరేచనం కాదు, మలబద్ధకం. కింద రెక్టమ్, సిగ్మాయిడ్ వాచి ఉన్నప్పుడు ఆ వాపుకి పైనున్న పేగు మందగిస్తుంది, మలం అక్కడే పేరుకుని గట్టిపడుతుంది, కింద పుండు నుంచి మాత్రం రక్తం, జిగురు ఊరుతూనే ఉంటాయి కాబట్టి మనిషి తిరుగుతూనే ఉంటాడు. డాక్టర్‌కి "పదిసార్లు మోషన్స్" అని చెప్తాం, ఆయన ఫ్లేర్ ముదిరిందనుకుంటాడు, తప్పేముంది మనం చెప్పిందే అది. చివరికి పొట్ట ఎక్స్‌రే తీస్తే కుడివైపంతా మలం నిండి కనిపించింది. పాలీఇథిలీన్ గ్లైకాల్ (మలాన్ని మెత్తబరిచి బయటికి పంపే మందు) పొడి నీళ్లలో కలిపి తాగించారు, పొట్ట ఖాళీ అయ్యాక అదే ఎనిమా, అదే డోస్, రాత్రంతా లోపల నిలిచింది, బ్లడ్ తగ్గుతూ వచ్చింది.

కాబట్టి ఎన్నిసార్లు వెళ్లారో కాదు, రోజు మొత్తంలో మలం ఎంత వచ్చిందో రెండ్రోజులు రాసుకుని అదే మాట డాక్టర్‌కి చెప్పండి, ప్లెయిన్ ఎక్స్‌రే అవసరమా అని అడగండి. రక్తం తక్కువుందని ఐరన్ మాత్రలు వాడుతుంటే అదీ చెప్పండి, అవి కూడా బిగపెడతాయి. ఇసబ్గోల్ మీద పడకండి, లోపల గట్టిగా ఇరుక్కుని ఉన్నప్పుడు అది ఇంకా ముద్ద చేస్తుంది. ఫ్లేర్‌లో లోపెరమైడ్ సొంతంగా అసలు వద్దు, పేగు ఉబ్బిపోయి ప్రాణం మీదికి వస్తుంది. పొట్ట బిగుసుకుని, తీవ్రమైన నొప్పి గానీ జ్వరం గానీ ఉంటే ఇంట్లో విరేచనం అయ్యే మందూ వద్దు.

మిగతావి

మెసలజీన్ మొదలుపెట్టాకే జ్వరం, తలనొప్పి, విరేచనాలు ఎక్కువైతే కొందరికి ఆ మందే పడదు, డాక్టర్‌కి చెప్తే ఆపి చూస్తారు. మోకాళ్ల నొప్పికని ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మింగుతుంటే అదీ ఫ్లేర్‌ని లేపొచ్చు. ఆస్తమా ఉంటే కొన్ని ఎనిమాల్లో సల్ఫైట్ ఉంటుంది, లేబుల్ చదవండి. ఇన్ఫెక్షన్ సంగతి మోషన్ టెస్టులో తేలుతుంది, సీఎంవీ (ఒక వైరస్) లాంటివి స్పెషలిస్ట్ చూసుకుంటారు, మీరు బుర్ర పాడుచేసుకోకండి.

రోజుకి 6 సార్లు లేదా అంతకంటే ఎక్కువ రక్త విరేచనాలు, దాంతో పాటు 100 ఫారెన్‌హీట్ దాటిన జ్వరమో, నిమిషానికి 90 దాటిన నాడో ఉంటే ఇది సీసాలతో తేలే వ్యవహారం కాదు. ట్రూలవ్, విట్స్ అనే ఇద్దరు డాక్టర్లు 1955లో పెట్టిన లెక్క ఇది, ఇప్పటికీ డాక్టర్లు దీన్నే చూస్తారు. ఆ రాత్రే ఎమర్జెన్సీకి వెళ్లండి, పొద్దున ఓపీ దాకా ఆగకండి.