మిద్దె కాగకుండా చేసుకోవడం ఎలా: ముందు పగుళ్ళు, తర్వాత తెలుపు, ఆ తర్వాతే ఇన్సులేషన్

తిరుపతి, రేణిగుంట, చిత్తూరు వైపు ఇళ్ళలో ఎండకూ గదికీ మధ్య ఉండేది 5 అంగుళాల కాంక్రీటు స్లాబు ఒక్కటే. మధ్యాహ్నం అది తాగిన వేడి కింది గదిలోకి దిగడానికి నాలుగైదు గంటలు పడుతుంది. కత్తిరి రోజుల్లో బయట గాలి చల్లబడ్డాక కూడా రాత్రి తొమ్మిదింటికి పై అంతస్తు ఫ్యాను వేడిగాలి కొట్టేది ఇందుకే. పెద్ద ఏసీ కొనేముందు మిద్దె సంగతి చూడాలి.

పనికి సరైన కాలం ఫిబ్రవరి, మార్చి. ఇక్కడ పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి కాబట్టి, అప్పటికి స్లాబు లోపలి తేమ ఆరి ఉంటుంది. ఆరిందో లేదో కంటితో చూసి చెప్పలేం. గజం పొడవు, గజం వెడల్పు పాలిథిన్ ముక్కను మిద్దె మీద పరిచి, నాలుగు అంచులూ టేపుతో అంటించి ఒక రోజు వదిలేయండి. కవరు లోపలివైపు నీటి చుక్కలు కనిపిస్తే ఇంకో వారం ఆగండి. తేమ మీద వేసిన పూత మే నెలలో బుడగలు లేచి పొరలుగా ఊడిపోతుంది. అలా ఊడినప్పుడు చాలామంది పెయింటును తిడతారు, తప్పు మాత్రం తేమది.

పగుళ్ళు, మూలలు

మిద్దెను వైరు బ్రష్‌తో రుద్ది, నాచు, పాత సున్నం పెచ్చులు తీసేసి కడగండి. ఆరేటప్పుడు గమనిస్తే పగుళ్ళు వాటంతటవే బయటపడతాయి, ఎందుకంటే చుట్టుపక్కల ఆరాక కూడా అక్కడ తడి గీత నిలుస్తుంది. వెంటనే చాక్‌పీసుతో గుర్తు పెట్టుకోండి.

వెంట్రుకవాసి పగుళ్ళకు పూతే చాలు. గోరు దూరేవాటిని మాత్రం ఉలితో అర అంగుళం లోతున వి ఆకారంలో వెడల్పు చేసి, దుమ్ము ఊది, తడిపి, మాల్ నింపాలి. 5 కిలోల సిమెంటుకు 15 కిలోల సన్న ఇసుక, ఒక లీటరు లేటెక్స్ (సిమెంటులో కలిపే పాలలాంటి జిగురు ద్రవం) కలపండి. లేటెక్స్ లేని ఉత్త సిమెంటు ఎండకు కుంచించుకుపోయి, అదే గీత వెంట మళ్ళీ విడుస్తుంది. స్లాబు పిట్టగోడను కలిసే మూల చుట్టూ 2 అంగుళాల వాలు పట్టీ కట్టించండి. పైకప్పు కారే ఇళ్ళలో ఎక్కువగా నీళ్ళు దిగేది ఈ మూల నుంచీ, వాననీటి గొట్టం మొదలు నుంచీ. బేల్దారి మేస్త్రికి ఈ రెండూ మీరే చూపించి చేయించుకోండి, చెప్పకపోతే వదిలేస్తారు.

వాలు కూడా సరిచూడండి. గొట్టం వైపు పది అడుగులకు కనీసం అంగుళం దిగాలి. నీళ్ళు నిలిచే గుంటలో ఏ పూతా ఎక్కువ కాలం బతకదు.

తెల్లపూత

ఖర్చుకు తగ్గ ఫలితం అన్నిటికంటే ఎక్కువ ఇచ్చేది ఇదే. ఎండకు కాలే మామూలు సిమెంటు మిద్దె 60 డిగ్రీలు దాటుతుంది. శుభ్రమైన తెల్లపూత ఉంటే సాధారణంగా 15 డిగ్రీలకు పైనే తగ్గుతుంది.

1,000 చదరపు అడుగులకు సాగే గుణమున్న అక్రిలిక్ కూల్‌రూఫ్ పెయింటు 35 నుంచి 40 లీటర్లు, అంటే రెండు 20 లీటర్ల బకెట్లు కావాలి. ఒక్క బకెట్‌తో అయిపోతుందన్నవాడు నీళ్ళు ఎక్కువ కలుపుతున్నాడని అర్థం. మొదటి కోటుకు డబ్బా మీద రాసినంత నీళ్ళే కలపండి. అది తడిగా ఉండగానే పగుళ్ళ మీదా మూలల్లోనూ 6 అంగుళాల ఫైబర్ మెష్ పట్టీ పరిచి బ్రష్‌తో అద్దండి. ఆరేడు గంటలు ఆగి, రెండో కోటు మొదటిదానికి అడ్డంగా లాగండి. ఉదయం తొమ్మిదిలోపు, లేదా సాయంత్రం నాలుగు తర్వాతే పని. మిట్టమధ్యాహ్నం వేస్తే పైపొర ముందే బిగుసుకుని, కింద చిక్కిన తేమ సూదిరంధ్రాలు చేసుకుని బయటికొస్తుంది.

అంత డబ్బు పెట్టలేకపోతే సున్నం కొట్టండి. రాత్రి నానబెట్టిన సున్నాన్ని వడగట్టి, పది కిలోలకు పావు కిలో ఫెవికోల్ లాంటి బంక కలిపి రెండు పూతలు వేయాలి. వానలకు కొట్టుకుపోతుంది, ప్రతి ఏడూ వేయక తప్పదు. అయినా ఆ వేసవికి చల్లదనం ఖాయం. థర్మోకోల్ ముక్కలు, ఆకుపచ్చ షేడ్‌నెట్ మిద్దె మీద ఊరికే పరిచే ఆలోచన అలిపిరి, కపిలతీర్థం వైపు వాళ్ళు మానుకుంటే మేలు. కోతులు వాటిని ఉండనివ్వవు.

ఇన్సులేషన్ పలకలు

2 అంగుళాల ఎక్స్‌పీఎస్ (థర్మోకోల్ జాతిదే, ఇంకా గట్టి నురగ ప్లాస్టిక్) పలక ఆపే వేడిని ఆపాలంటే దాదాపు 8 అడుగుల మందం కాంక్రీటు కావాలి. పలక కొలత 1250 గుణకారం 600 మిల్లీమీటర్లు. 1,000 చదరపు అడుగులకు, తరుగుతో కలిపి 130 పలకలు పడతాయి. వాటర్‌ప్రూఫ్ పూత మీద వీటిని ఇటుక కట్టుబడిలాగా అతుకులు తప్పించి పేర్చి, పైన జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీళ్ళు దిగనిచ్చే సింథటిక్ గుడ్డ), దానిపై 2 అంగుళాల కాంక్రీటు వేస్తారు. ఈ కాంక్రీటే దాదాపు 11 టన్నుల బరువు. పాత ఇల్లైతే ఇంజనీరు చూడకుండా వేయకండి. పెట్రోలు, థిన్నర్ లాంటి ద్రావకమున్న జిగురు ఈ పలకల్ని కరిగించేస్తుంది.

లోపల ఫాల్స్ సీలింగ్ ఒక్కటే వేయిస్తే స్లాబు కాగడం ఆగదు. వేయించేటట్టయితే సీలింగ్ పైభాగాన 2 అంగుళాల గ్లాస్‌వూల్ (గాజు పీచు దుప్పటి) పెట్టించండి. థర్మోకోల్ పెట్టనివ్వకండి. వైరింగ్ నుంచి నిప్పు రేగితే త్వరగా అంటుకుని విషపు పొగ చిమ్ముతుంది.

గదిలో సందులు

ఏసీ గది తలుపు మూసి, వెలిగించిన ఊదుకడ్డీని కిటికీ అంచులు, తలుపు కింద, ఏసీ పైపు దూరిన రంధ్రం దగ్గర పట్టండి. పొగ ఊగిన చోటల్లా చల్లగాలి కారుతోంది. తలుపు కింద రబ్బరు పట్టీ, జరిపే కిటికీ పట్టాల్లో కొత్త బ్రష్ పట్టీ, పైపు రంధ్రానికి సిలికాన్ సరిపోతాయి. వంటింటి వెంటిలేటర్, గ్యాస్ గీజరున్న బాత్రూము వెంటిలేటర్ మాత్రం ఎప్పుడూ మూయకూడదు. కార్బన్ మోనాక్సైడ్ వాసన రాదు, ప్రాణం తీస్తుంది. సందులు మూశాక ఏసీని 24 దగ్గర పెట్టి చూడండి, చాలా గదులకు అదే సరిపోతుంది.

దుమ్ము పట్టిన తెలుపు ఎండను తిప్పికొట్టదు. ఏటా వేసవి ముందు మిద్దెను సబ్బునీళ్ళతో కడగండి. రుద్దితే చేతికి తెల్లపొడి అంటుతుంటే పాతది గీకక్కరలేదు, కడిగి ఆరాక మీద ఒక్క కోటు వేస్తే చాలు.