పచ్చ చిలుకను చూసి ఏ జాతిదో గుర్తించడం ఎలా?

కర్నూలు పక్క జొన్న కంకులు పాలు పట్టే రోజుల్లో చేనిమీద వాలే పచ్చని పిట్టలన్నిటినీ మనం రామచిలుకలనే పిలుస్తాం. కానీ నల్లమల అంచు ఊళ్లలో ఒకటికి మించిన జాతులు కనిపిస్తాయి కాబట్టి, రంగును పక్కనపెట్టి ముందుగా భుజాన్ని చూడడం అలవాటు చేసుకోవాలి.

రెక్క మొదట్లో ముదురు ఎరుపు మచ్చ లేకుండా, తోకతో కలిపి సుమారు 40 సెంటీమీటర్ల పొడవుంటే అది మన ఊళ్లలో ఎక్కువగా కనిపించే రామచిలుక. దాని శాస్త్రీయ నామం సిట్టాక్యులా క్రామెరి. ప్రకృతి శాస్త్రవేత్త స్కోపోలి 1769లో దానిని వర్ణించాడు. ఆ మచ్చ ఉండి, ముక్కు బాగా లావుగా, పిట్ట 55 సెంటీమీటర్ల దాకా ఉంటే అలెగ్జాండ్రైన్ చిలుక. తల మొత్తం ఎరుపు కలిసిన ఊదా రంగులో, పైముక్కు పసుపుగా, తోక చివర తెల్లగా ఉంటే అది అడవి చిలుకల్లో అందమైన మూడో జాతి, ప్లమ్-హెడెడ్ చిలుకలో మగది. దాని ఆడదానికి తల బూడిద నీలంగా ఉంటుంది. ఈ జాతి మగదానికీ భుజం మీద చిన్న ఎర్ర మచ్చ ఉంటుంది గనుక, మచ్చ కనిపించగానే తీర్పు చెప్పకుండా తలనూ చూడాలి.

కంకిని ఒక కాలితో పట్టుకుని గింజలు ఒలుచుకునేటప్పుడు చిలుక చాలాసేపు కదలదు. బైనాక్యులర్ ఉంటే అప్పుడు ముక్కును పరిశీలించండి: రామచిలుకకు పైముక్కు ఎర్రగా ఉంటుంది, దక్షిణాది ఉపజాతికి కిందిముక్కు నల్లబారి ఉంటుంది. కాలికి రెండు వేళ్లు ముందుకూ రెండు వెనక్కూ ఉండడం చిలుకల క్రమమైన సిట్టాసిఫార్మిస్ అంతటికీ ఉన్న లక్షణం. ఈ మూడింటినీ చాలాకాలం సిట్టాక్యులా అనే ఒకే ప్రజాతిలో ఉంచారు; జన్యు పరిశీలనల తరువాత కొందరు విడదీస్తున్నారు కాబట్టి, పుస్తకాన్ని బట్టి పేరు మారితే కంగారుపడనక్కర్లేదు.

అందరూ పొరబడేది మెడ దగ్గరే. రామచిలుకల్లో గులాబీ పట్టీ, గడ్డం కింద నల్ల గీత పెద్ద మగదానికే ఉంటాయి. పిల్లకు అవి రావడానికి సాధారణంగా మూడో ఏడు దాకా పడుతుంది. అందుకే పట్టీ లేని రామచిలుకను చూసినప్పుడు పుస్తకంలో ‘ఆడది’ అని రాయకుండా, ‘ఆడది లేదా పిల్ల’ అని రాసుకోండి.