1310 నాటి ఓరుగల్లు ముట్టడి: ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2లో చారిత్రక సినారియో రూపొందించే విధానం

కంప్యూటర్ వ్యూహ ఆటలో చారిత్రక సినారియో, అంటే ఒక నాటి యుద్ధాన్ని ఆడగలిగే సన్నివేశంగా, తయారు చేయాలనుకునేవారిలో చాలామంది మ్యాప్ గీయడంతో మొదలుపెడతారు. కొండలు, చెరువులు, కోటలు అమర్చడం పూర్తయ్యాక, గెలుపు ఎలా అన్న ప్రశ్న వచ్చేసరికి, శత్రువును పూర్తిగా నిర్మూలించాలన్న మామూలు షరతునే ఉంచేస్తారు. మధ్యయుగాల యుద్ధాలు చాలావరకు అలా ముగియలేదు. కప్పం చెల్లింపుతోనో, రాయబారంతోనో, ముట్టడిదారులు విసిగి వెనుదిరగడంతోనో ముగిశాయి. కాబట్టి గెలుపు షరతును అన్నిటికంటే ముందు నిర్ణయించుకుని, మ్యాప్‌ను, సైన్యాలను, ట్రిగ్గర్లను (షరతు నెరవేరగానే నిర్ణీత ప్రభావం చూపే ఆదేశాలను) దాని చుట్టూ నిర్మించాలన్నది నా గట్టి అభిప్రాయం. ఈ పద్ధతిని ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 డెఫినిటివ్ ఎడిషన్ ఆటతో వచ్చే సినారియో ఎడిటర్‌లో 1310 నాటి ఓరుగల్లు ముట్టడి ఉదాహరణగా వివరిస్తాను.

ఢిల్లీ సుల్తానులు కాకతీయ రాజ్యంపై పలుమార్లు దండెత్తారు. 1303లో వచ్చిన సేన విఫలమై తిరిగిపోయింది. 1323లో ఢిల్లీ యువరాజు ఉలుగ్ ఖాన్ కోటను పట్టుకుని కాకతీయ రాజు ప్రతాపరుద్రుణ్ణి బందీగా ఢిల్లీకి పంపగా, ఆయన దారిలో నర్మదా తీరాన మరణించినట్లు విలస తామ్రశాసనం చెబుతోంది. సహజంగా అందరి దృష్టీ ఆ చివరి ముట్టడి మీదికే పోతుంది, కానీ ఆటకు 1310 నాటి సంఘటనే మెరుగైనది. అల్లావుద్దీన్ ఖల్జీ సేనాని మాలిక్ కాఫుర్ 1309 అక్టోబరు చివర ఢిల్లీ నుంచి బయలుదేరి, 1310 జనవరి నడుమ ఓరుగల్లు చేరాడు. సుమారు నెల రోజులకు బయటి మట్టికోట అతని వశమైంది. లోపలి రాతికోట ఇంకా నిలిచి ఉండగానే ప్రతాపరుద్రుడు సంధి కోరాడు. మార్చిలో ఢిల్లీ సేన కప్పంతో తిరుగుముఖం పట్టింది, రాజు సింహాసనం మరో పదమూడేళ్ళు నిలిచింది. ఎప్పుడు పోరాడాలి, ఎప్పుడు రాయబారిని పంపాలి అన్న నిర్ణయం ఇక్కడ నిజంగా రాజు చేతిలో ఉంది. ఆ నిర్ణయాన్ని ఆటగాడి చేతికి ఇవ్వడమే మన సినారియో లక్ష్యం.

ఎడిటర్ తెరిచిన తరువాత మొదట గ్లోబల్ విక్టరీ విభాగంలో కస్టమ్‌ను ఎంచుకుని, ఇక గెలుపోటములు ట్రిగ్గర్ల ద్వారా మాత్రమే తేలేలా చేయాలి. తరువాత ఆటగాళ్ళను నిర్ణయించాలి. మొదటి ఆటగాడు ప్రతాపరుద్రుడు. ఆయనకు ద్రవిడియన్స్ నాగరికత సరిపోతుంది. 2022లో వచ్చిన డైనాస్టీస్ ఆఫ్ ఇండియా విస్తరణతో ఇది ఆటలో చేరింది. తెలుగువారికి ప్రత్యేక నాగరికత లేనందున ఇది అన్నిటిలోకి దగ్గరిది, అయితే తమిళ నౌకాదళాన్ని దృష్టిలో పెట్టుకుని రూపొందించిన ఓడలను ఆప్షన్స్‌లో నిషేధించడం మంచిది. రెండవ ఆటగాడు మాలిక్ కాఫుర్, అతని నాగరికత హిందుస్తానీస్. మూడవ ఆటగాడు కాకతీయుల నాయంకరులు, అంటే భూముల మీద హక్కు పొంది అందుకు బదులుగా రాజుకు సైన్యాన్ని సమకూర్చిన నాయకులు. నాలుగవ ఆటగాడు చుట్టుపక్కల పల్లెలు. ఇదే చోట తుపాకులు, ఫిరంగులు వాడే యూనిట్లన్నిటినీ అందరికీ నిషేధించాలి. 1310 నాటి దక్కన్ యుద్ధరంగంలో ఫిరంగులు లేవు, ఒక్క ఫిరంగి కనిపించినా ముట్టడి స్వభావమే మారిపోతుంది.

మ్యాప్ విషయంలో ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది కోట ఆకృతి మీద. ఓరుగల్లు కోట వలయాకారంలో ఉంటుంది. లోపలి రాతికోట వ్యాసం సుమారు 1.2 కిలోమీటర్లు, దాని చుట్టూ ఉన్న మట్టికోట వ్యాసం సుమారు 2.4 కిలోమీటర్లు, రెండింటికీ అగడ్తలున్నాయి. రాతికోటకు నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలు, గోడ పొడవునా బురుజులు ఉన్నాయి. 200 గడుల నార్మల్ మ్యాప్‌లో బయటి వలయానికి 100 గడులు, లోపలి వలయానికి 50 గడులు కేటాయిస్తే నిష్పత్తి చెడకుండా ముట్టడి సేనకు కూడా చోటు మిగులుతుంది. ద్వారాల దగ్గర దారి నేరుగా లోపలికి పోదు, మలుపు తిరుగుతుంది. శత్రువు దూసుకురాకుండా చేసిన ఏర్పాటు అది. ఆటలో కూడా ద్వారం వెనుక అడ్డుగోడ కట్టి ఆ మలుపును చూపించండి. ఏనుగుల గుంపు అక్కడ ఎలా ఇరుక్కుపోతుందో చూసిన ఆటగాడికి నాటి శిల్పుల ఆలోచన వేరే వివరణ లేకుండానే అర్థమవుతుంది.

మట్టికోటకు మామూలు కట్టెల కంచెను వాడడం తరచుగా కనిపించే పొరపాటు. ఆ గోడ ఎంత గట్టిదో ఢిల్లీ ఆస్థాన కవి అమీర్ ఖుస్రో రాశాడు: ఉక్కు బల్లెం కూడా దానిలో దిగదట, యంత్రంతో విసిరిన రాయి దానికి తగిలి పిల్లలు ఆడుకునే కాయలా ఎగిరి వెనక్కి పడుతుందట. కవి అతిశయోక్తిని కొంత తీసివేసినా, దాడి చేసినవారి పక్షాన ఉన్న రచయిత ఇచ్చిన సాక్ష్యం కనుక దీనికి విలువ ఉంది. అందుచేత బయటి వలయానికి రాతిగోడనే వాడి, ట్రిగ్గర్ ద్వారా దాని బలాన్ని పెంచాలి; లోపలి వలయానికి ఫోర్టిఫైడ్ వాల్ వాడాలి. వాయవ్యంలో హనుమకొండ గుట్టను కొంత దగ్గరగా జరిపి పెట్టండి, దానికీ కోటకూ నడుమ భద్రకాళి చెరువును ఉంచండి. మాలిక్ కాఫుర్ ఆ గుట్ట మీది నుంచే నగరాన్ని పరిశీలించాడు. ఎత్తు నుంచి కొట్టే యూనిట్‌కు ఈ ఆటలో 25 శాతం అదనపు దెబ్బ లభిస్తుంది కనుక, ఆ గుట్టను మొదటి పది నిమిషాల పోరుకు కేంద్రంగా చేయవచ్చు.

అగడ్త పూడ్చడం ఈ ముట్టడిలో కీలక ఘట్టం, ఎడిటర్‌లో కొంచెం ఉపాయం కోరే పని కూడా ఇదే. అగడ్తను లోతు నీటితో నింపి, రెండు మూడు చోట్ల మాత్రం నడవగలిగే లోతులేని నీటిని పెట్టండి; ఆ చోట్లను గేయా (ఎవరి పక్షమూ కాని ప్రకృతి) ఆటగాడికి చెందిన బండరాళ్ళతో మూసివేయండి. శత్రువు కూలీలు ఒడ్డుకు చేరి నిర్ణీత సమయం అక్కడ నిలిస్తే, ఆబ్జెక్ట్స్ ఇన్ ఏరియా, టైమర్ షరతులు రెండూ నెరవేరి, రిమూవ్ ఆబ్జెక్ట్ ప్రభావం ఆ రాళ్ళను తొలగిస్తుంది. ఆటగాడు కోట దాటి వచ్చి కూలీలను తరిమితే దారి తెరుచుకోదు. అయితే టైమర్ ఆ ట్రిగ్గర్ మొదలైన క్షణం నుంచే నడుస్తుందని గుర్తుంచుకోవాలి: కూలీలు చేరడాన్ని ఒక ట్రిగ్గర్‌గా, ఆ తరువాతి గడువును అది మేల్కొలిపే మరో ట్రిగ్గర్‌గా విడదీయకపోతే, కూలీలు వచ్చిన మరుక్షణమే అగడ్త పూడిపోతుంది.

శత్రుసేనను మామూలు ఏఐకి, అంటే ఆటలోని కంప్యూటర్ ప్రత్యర్థికి, వదలకూడదు. అది తన ఇష్టానుసారం గోడలు కట్టుకుంటుంది, బంగారం తవ్వుకుంటుంది, ముట్టడి మాత్రం చేయదు. టాస్క్ ఆబ్జెక్ట్ ప్రభావాలతో దాడులను విడతలుగా నడిపించాలి. ఢిల్లీ సేన జనవరి నడుమ నుంచి మార్చి నడుమ వరకు సుమారు అరవై రోజులు ఓరుగల్లు వద్ద ఉంది కనుక, రోజుకు ఒక నిమిషం చొప్పున గంట ఆటగా లెక్క వేసుకుంటే విడతలను తేదీలకు సరిపెట్టడం తేలిక. లూపింగ్ పెట్టిన (పదేపదే నడిచే) ప్రతి ట్రిగ్గర్‌కూ టైమర్ తప్పనిసరి. అది లేకపోతే సైనికులు ఆగకుండా పుట్టుకొచ్చి జనాభా పరిమితిని నింపేస్తారు.

కోట లోపల కూర్చుని ఎదురుచూడడం తప్ప ఆటగాడికి పని లేకపోతే సినారియో విసుగు పుట్టిస్తుంది. దీనికి పరిష్కారం చరిత్రలోనే దొరుకుతుంది. ముట్టడి కాలంలో దారులు తెగిపోయి, తపాలా చౌకీలు పనిచేయక, నలభై రోజులకు పైగా తన సేన క్షేమ సమాచారం అందని అల్లావుద్దీన్ ఆందోళన పడి సూఫీ గురువు నిజాముద్దీన్ ఔలియా వద్దకు మనుషులను పంపినట్లు ఢిల్లీ చరిత్రకారుడు బరనీ రాశాడు. మ్యాప్ ఉత్తరపు అంచున మూడు చౌకీలను పెట్టి, ఆటగాడు తేలికపాటి గుర్రపు దళంతో వాటిని ధ్వంసం చేస్తే శత్రువుకు రావలసిన తరువాతి విడత బలగాలు ఆగిపోయేలా చేయండి. అలాగే పల్లెలు తగలబడిన కొద్దీ నాయంకరుల నుంచి వచ్చే సైన్యం తగ్గాలి. ఈ రెండింటితో, గోడలను కాపాడాలా, బయట దెబ్బ తీయాలా అన్న ప్రశ్న ఆటగాణ్ణి ఆసాంతం వెంటాడుతుంది.

ఇక సంధి. ఒక సన్యాసి యూనిట్‌కు రాయబారి అని పేరు పెట్టి, శత్రు శిబిరం దగ్గర ఒక ప్రదేశాన్ని గుర్తించండి. రాయబారి అక్కడికి చేరినప్పుడు బ్రింగ్ ఆబ్జెక్ట్ టు ఏరియా షరతు నెరవేరుతుంది. ఖజానాలో తగినంత బంగారం ఉందా లేదా అన్నది అక్యుములేట్ ఆట్రిబ్యూట్ చూస్తుంది. మట్టికోట నిలిచి ఉండగా వస్తే 3,000 బంగారం, అది కూలాక వస్తే 6,000 బంగారంతో పాటు ఏనుగులు కూడా ఇవ్వాలి. మట్టికోట కూలిన క్షణాన మొదటి ట్రిగ్గర్‌ను ఆపి రెండవదాన్ని మేల్కొలపడం మరువకండి. ప్రతాపరుద్రుడు నూరు ఏనుగులు, ఏడు వేల గుర్రాలు అప్పగించాడని బరనీ చెప్పాడు. ఆటలో చేంజ్ ఓనర్‌షిప్ ద్వారా ఆటగాడి సొంత ఏనుగులే శత్రువు రంగులోకి మారి కోట ద్వారం దాటి వెళ్ళడం చూస్తే, విజయం అన్న మాట తెరపై కనిపించినా దాని వెల ఏమిటో తెలుస్తుంది. పక్షాల శత్రుమిత్ర సంబంధాన్ని మార్చే చేంజ్ డిప్లొమసీ ప్రభావాన్ని రెండు వైపులా విడివిడిగా పెట్టాలి, లేకపోతే ఒక పక్షం సంధిలో ఉండగా రెండవ పక్షం బాణాలు వేస్తూనే ఉంటుంది. రాజు మరణించినా, శత్రువు రాతికోట లోపలి ఆలయం దగ్గరకు చేరినా ఓటమి. అరవై నిమిషాలు మట్టికోటను నిలబెట్టుకుంటే కప్పం లేకుండానే గెలుపు; ఇది చరిత్రలో జరగనిది కనుక, దీన్ని చాలా కష్టసాధ్యంగా ఉంచడమే న్యాయం.

పరీక్షించేటప్పుడు ప్రతి ట్రిగ్గర్‌కూ తాత్కాలికంగా ఒక చాట్ సందేశం జోడిస్తే ఏది ఎప్పుడు పనిచేసిందో తెలుస్తుంది. మార్పు చేసిన ప్రతిసారీ కొత్త పేరుతో భద్రపరచండి. చేతులు కట్టుకుని కూర్చుని ఒకసారి, మొదటి నిమిషంలోనే రాయబారిని పంపి ఒకసారి ఆడి చూడండి. మొదటి పద్ధతిలో ఇరవై ఐదు, ముప్పై ఐదు నిమిషాల నడుమ మట్టికోట కూలాలి. రెండవ పద్ధతిలో ఆరంభపు ఖజానా 3,000కు చాలకూడదు. చివరగా, మెసేజెస్ విభాగంలోని హిస్టరీ పేజీలో ఏ సంఘటనలు నాటి రచనల నుంచి తీసుకున్నారో, చౌకీల సంఖ్య, కప్పం అంకెల వంటి వేటిని మీరు కల్పించారో విడివిడిగా రాయండి.