పాత స్పోర్ట్స్ కారు ఐడ్లింగ్‌లో తడబడుతుంటే కారణం పట్టుకోవడం ఎలా?

పాత స్పోర్ట్స్ కారు న్యూట్రల్‌లో నిలిచినప్పుడు వణుకుతూ, ఆర్‌పీఎం ముల్లు కుదురుగా ఉండక పైకీ కిందికీ ఊగుతుంటే, చాలామంది మొదట చేసే పని ఐడిల్ స్క్రూ తిప్పి వేగం కొంచెం పెంచడం. వణుకు అప్పటికి తగ్గుతుంది కానీ దాని కారణం ఇంజన్‌లో అలాగే ఉండిపోతుంది. పైగా కంపెనీ పెట్టిన అమరిక చెదిరిపోవడం వల్ల, తర్వాత అసలు లోపం దొరికి దాన్ని బాగుచేసినా ఐడ్లింగ్ మళ్లీ తప్పుగానే కనిపిస్తుంది. అందుకే నేను ఈ పనిలో గట్టిగా పాటించే నియమం ఒక్కటే: గాలి, స్పార్క్, కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకుపోయే ఒత్తిడి) మూడూ సరిగా ఉన్నాయని తేలేవరకు ఏ స్క్రూనూ ముట్టుకోకూడదు.

ఐడ్లింగ్‌లోనే లోపాలు ఎందుకు బయటపడతాయో తెలిస్తే వెతకడం సులభమవుతుంది. అప్పుడు థ్రాటిల్ (గాలిని అదుపు చేసే తలుపు) దాదాపు మూసి ఉంటుంది కాబట్టి ఇంజన్ పీల్చే గాలి చాలా తక్కువ. ఆ కొద్ది గాలికి తోడు పగిలిన గొట్టం గుండా ఇంకాస్త గాలి చొరబడితే గాలి-పెట్రోలు మిశ్రమం బాగా పలచబడి, ఒకటి రెండు సిలిండర్లు సరిగా మండవు. అదే లీకు 4000 ఆర్‌పీఎం దగ్గర మొత్తం గాలిలో లెక్కలోకి రానంత చిన్న భాగం. రోడ్డు మీద హుషారుగా పరుగెత్తే కారు ఆగినప్పుడు మాత్రమే తడబడుతోందంటే అనుమానం ముందుగా గాలి లీకు మీదికే వెళ్లాలి.

పనిముట్లు తీసేముందు కాసేపు వినండి. సైలెన్సర్ దగ్గర చేయి కొద్ది దూరంలో పెట్టి చూస్తే, ఒకే సిలిండర్ మండకపోతున్నప్పుడు "ఫట్" అనే వెలితి క్రమం తప్పకుండా వస్తుంది. మిశ్రమంలో లోపమైతే వేగం నెమ్మదిగా పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ముల్లు స్థిరంగా ఉండి కారు బాడీ మాత్రమే అదురుతుంటే, లోపం ఇంజన్‌లో కాక కుంగిపోయిన ఇంజన్ మౌంట్లలో ఉండవచ్చు. ఇంజన్‌కు ఎక్కువ ఓవర్‌ల్యాప్ ఉన్న క్యామ్‌షాఫ్ట్ (వాల్వ్‌లను తెరిచే ఇరుసు) బిగించి ఉంటే, ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వ్‌లు రెండూ కలిసి తెరిచి ఉండే సమయం పెరిగి, కాలిన వాయువు కొంత వెనక్కి వస్తుంది కాబట్టి ఐడ్లింగ్ సహజంగానే కొంత గరుకుగా ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు తడబడుతోందా, వేడెక్కాక తడబడుతోందా అన్నది కూడా రాసి పెట్టుకోండి.

ఇంజన్ నడుస్తుండగా చేసే ప్రతి పరీక్షకూ చుట్టూ గాలి ధారాళంగా ఆడే చోటు ఎంచుకోవాలి. హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డు పెట్టి, అగ్నిమాపక సిలిండర్‌ను అందుబాటులో ఉంచుకోవాలి. మూసిన గ్యారేజీలో కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది.

ఇప్పుడు గాలి సంగతి. సిలిండర్లకు గాలి పంచే మ్యానిఫోల్డ్‌కు వాక్యూమ్ గేజ్ (ఇంజన్ పీల్పును కొలిచే మీటర్) తగిలించి, అది చూపే అంకె రాసుకోవడం ఈ మొత్తం పనిలో నాకు అత్యంత ఇష్టమైన మెట్టు, ఎందుకంటే తక్కువ శ్రమతో అంత సమాచారం మరే పరికరమూ ఇవ్వదు. మామూలు క్యామ్ ఉన్న, ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ సముద్ర మట్టం దగ్గర సుమారు 17 నుంచి 21 అంగుళాల పాదరసం చూపుతుంది. ప్రతి 1000 అడుగుల ఎత్తుకు సుమారు ఒక అంగుళం తగ్గుతుంది. ముల్లు స్థిరంగా ఉండి తక్కువ చూపితే గాలి లీకు గాని, వెనకబడిన ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ వచ్చే క్షణం) గాని కారణం కావచ్చు. లయ తప్పకుండా కిందికి ఎగిరి పడుతుంటే ఒక సిలిండర్‌లో వాల్వ్ సరిగా మూసుకోవడం లేదేమో చూడాలి. మెల్లగా అటూ ఇటూ తేలుతుంటే మిశ్రమాన్ని అనుమానించాలి.

లీకు ఎక్కడుందో తేల్చడానికి రబ్బరు గొట్టాలను ఒక్కొక్కటిగా, మొద్దు అంచులున్న క్లాంపుతో నొక్కి, ఏ గొట్టం మూసినప్పుడు ఐడ్లింగ్ మారుతుందో గమనించండి. బ్రేక్ బూస్టర్ గొట్టం, ఇంజన్ అడుగు భాగంలోని ఆవిరిని లోపలికి పంపే పీసీవీ వాల్వ్ గొట్టం, ఇంజన్ పీల్పుతో స్పార్క్‌ను ముందుకు జరిపే డిస్ట్రిబ్యూటర్ వాక్యూమ్ అడ్వాన్స్ గొట్టం ముందుగా చూడవలసినవి. ఒక కారులో నేను రెండు వారాంతాలు కార్బురేటర్ల (పెట్రోలును గాలిలో కలిపే పరికరాల) మీద గడిపిన తర్వాత, లోపమంతా వాక్యూమ్ అడ్వాన్స్ డయాఫ్రం (లోపలి పలచని పొర) చిరుగులో ఉందని తేలింది. నోటితో గొట్టం పీల్చి చూస్తే అర నిమిషంలో తెలిసిపోయేది. గాస్కెట్ల దగ్గర లీకు కోసం మండే స్ప్రే కొట్టే పద్ధతి చాలామంది చెబుతారు కానీ, వేడి ఎగ్జాస్ట్ పక్కన అది ప్రమాదమే. స్మోక్ మెషిన్ దొరికితే ఇంజన్ ఆపి పొగ పంపడం సురక్షితం, ఫలితమూ ఖచ్చితం.

లీకు లక్షణం ఇంజెక్షన్ పద్ధతిని బట్టి మారుతుందని మరవకండి. లోపలికి వచ్చే గాలిని కొలిచే మీటర్ ఉన్న కార్లలో, మీటర్ దాటిన తర్వాత చొరబడిన గాలి లెక్కలోకి రాదు కాబట్టి మిశ్రమం పలచబడి ఇంజన్ తడబడుతుంది. మ్యానిఫోల్డ్ పీడనాన్ని కొలిచే వ్యవస్థలో కంప్యూటర్ ఆ గాలికి తగ్గ పెట్రోలు కూడా ఇస్తుంది కాబట్టి వేగం పెరుగుతుంది. బాష్ కే-జెట్రానిక్ అనే ఇంజెక్షన్ వ్యవస్థ ఉన్న పోర్షే 911లో క్రాంక్‌కేస్ (ఇంజన్ అడుగు భాగం) కూడా ఇన్‌టేక్‌కు కలిసి ఉంటుంది. ఐడ్లింగ్‌లో ఆయిల్ మూత తీస్తే ఇంజన్ తడబడాలి. మూత తీసినా ఏ మార్పూ లేకపోతే గాలి అప్పటికే మరోచోట నుంచి చొరబడుతోందని అర్థం.

గాలి మార్గం శుభ్రమని తేలితే స్పార్క్ వైపు రండి. ఏ సిలిండర్ పని చేయడం లేదో తెలుసుకోవడానికి, ఇంజెక్షన్ కారులో ఇంజెక్టర్ కనెక్టర్లను ఒక్కొక్కటిగా పీకి మళ్లీ పెట్టండి. ఏది పీకినా వేగం పడిపోవాలి. ఏ సిలిండర్ దగ్గర తేడా రాదో దోషం అక్కడ ఉంది. నడుస్తున్న ఇంజన్‌లో ప్లగ్ వైరును చేత్తో లాగడం నేను సమర్థించను. హై వోల్టేజ్ షాక్ అలా ఉంచితే, కొన్ని ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ మాడ్యూళ్లు దానివల్లే కాలిపోతాయి. దోషి సిలిండర్ తెలిశాక ఇంజన్ ఆపి, ప్లగ్‌ను పక్క సిలిండర్ ప్లగ్‌తో మార్చి చూడండి. దోషం ప్లగ్‌తో పాటు కదిలితే ప్లగ్‌దే తప్పు. కదలకపోతే వైరును అలాగే మార్చాలి.

మొదటి తరం మాజ్డా ఎంఎక్స్-5లో ఒక కాయిల్ 1, 4 సిలిండర్లకు, మరొకటి 2, 3 సిలిండర్లకు స్పార్క్ ఇస్తుంది. ఆ జంటల్లో ఒకటి మొత్తంగా బలహీనపడితే కాయిల్‌ను, ఒక్క సిలిండరే మిస్సయితే వైరునో ప్లగ్‌నో చూడాలి. తీసిన ప్లగ్‌ను పారేయకండి: పొడి నల్లటి మసి చిక్కని మిశ్రమానికి, తెల్లబారిన ఇన్సులేటర్ పలచని మిశ్రమానికి, జిడ్డు తడి ఆయిల్ లోపలికి దిగడానికి గుర్తు.

సిలిండర్ మారకుండా దోషం అక్కడే ఉండిపోతే కంప్రెషన్ చూడవలసిందే. ఇంజన్ వేడిగా ఉండగా ప్లగ్‌లన్నీ తీసి, ఇగ్నిషన్, పెట్రోలు పంపు పని చేయకుండా చేసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి కొలవాలి. అంకె ఎంత పెద్దదన్న దానికన్నా సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. తక్కువ చూపిన సిలిండర్‌లో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ కొలిచినప్పుడు అంకె పెరిగితే పిస్టన్ రింగులు అరిగాయి, పెరగకపోతే వాల్వ్ గాని, హెడ్ గాస్కెట్ గాని కారణం. వాల్వ్ క్లియరెన్స్ (వాల్వ్‌కూ దాన్ని తోసే భాగానికీ మధ్య సందు) బిగుసుకుపోయినా ఇదే లక్షణం కనిపిస్తుంది, అది సర్దితే సరిపోతుంది కాబట్టి హెడ్ విప్పే ముందు తప్పక చూడండి.

ఇక పెట్రోలు వైపు. ఎస్‌యూ రకం కార్బురేటర్లలో, కార్బురేటర్ లోపలే ఉండే పిస్టన్‌ను దాని పిన్‌తో సుమారు ఒక మిల్లీమీటరు ఎత్తండి: వేగం క్షణకాలం కొద్దిగా పెరిగి మామూలు స్థితికి వస్తే మిశ్రమం సరైనది, పెరిగి అలాగే ఉంటే చిక్కనిది, పడిపోతే పలచనిది. థ్రాటిల్ స్పిండిల్ (ఆ తలుపు తిరిగే ఇరుసు) అరిగి వదులైన కార్బురేటర్‌లో ఈ పరీక్షకు అర్థం లేదు, ఎందుకంటే గాలి అక్కడి నుంచే చొరబడుతుంది. సిలిండర్‌కు ఒక బ్యారెల్ చొప్పున అమర్చిన వెబర్ డీసీఓఈ కార్బురేటర్లలో ఒక ఐడిల్ జెట్‌లో (ఐడ్లింగ్‌కు పెట్రోలు ఇచ్చే సన్నని రంధ్రంలో) నలుసు అడ్డుపడితే ఒకే సిలిండర్ మండకపోయి స్పార్క్ లోపమని భ్రమ కలుగుతుంది. కాబట్టి ప్లగ్, వైరు బాగున్నట్లు తేలాక జెట్ విప్పి ఊదండి.

ఇంజెక్షన్ కారు వేడెక్కాక నల్లపొగతో తడబడుతుంటే కూలెంట్ టెంపరేచర్ సెన్సర్‌ను కొలవండి. అనేక పాత సెన్సర్లు 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర సుమారు 2 నుంచి 2.7 కిలో ఓమ్‌లు, 80 డిగ్రీల దగ్గర సుమారు 300 ఓమ్‌లు చూపుతాయి. వేడిలోనూ రెసిస్టెన్స్ తగ్గకపోతే ఇంజన్ ఇంకా చల్లగా ఉందనుకుని కంప్యూటర్ ఎక్కువ పెట్రోలు పోస్తూ ఉంటుంది. ఐడిల్ కంట్రోల్ వాల్వ్‌లో పేరుకున్న మసిని కూడా ఈ దశలోనే తుడిచేయండి.

లోపం బాగయ్యాకే టైమింగ్, ఆ తర్వాత వేగం. ఇంజన్ పూర్తిగా వేడెక్కి, ఏసీ, లైట్లు ఆపి, రేడియేటర్ ఫ్యాన్ తిరగని సమయంలో సర్దాలి. ఎంఎక్స్-5 1.6 లీటర్ల ఇంజన్‌లో డయాగ్నస్టిక్ పెట్టెలో టీఈఎన్, జీఎన్‌డీ పిన్నులను వైరుతో కలిపి, టాప్ డెడ్ సెంటర్‌కు (పిస్టన్ పూర్తిగా పైకి చేరే స్థానానికి) ముందు 10 డిగ్రీలకు టైమింగ్ పెట్టి, ఆ తర్వాత గాలి స్క్రూతో వేగాన్ని 850కి తెచ్చి వైరు తీసేయాలి. ఇతర కార్లకు అంకెలూ పద్ధతీ వేరు, ఆ కారు వర్క్‌షాప్ మాన్యువల్‌లో ఉన్నవే పాటించండి. కారును అరగంట నడిపి వచ్చి మళ్లీ ఆపి, వాక్యూమ్ గేజ్ ముల్లు ఎలా ఉందో మొదట రాసుకున్న అంకెతో పోల్చి చూడండి.